కంటికి రెప్పే కాపలా

ఎవరినైనా ఎంతో జాగ్రత్తగా చూసుకుంటున్నామని చెప్పాలంటే మనం "కంటికి రెప్పలా చూసుకుంటున్నాం" అంటాం. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన రోజుల నుంచీ నాకు ఈ మాటంటే ఇష్టం. రెప్ప పడిన ప్రతిసారీ కన్ను తడుస్తుంది, శుభ్రపడుతుంది, ఒక్క క్షణం విశ్రాంతి కూడా దొరుకుతుంది. మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఫోను, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు మనకు తెలియకుండానే తగ్గిపోయేది ఆ రెప్పపాటే.

మేముండేది కెనడాలోని వాటర్లూలో. ఇక్కడ నలుగురు తెలుగు ఆడవాళ్ళం కలిస్తే ఈ మధ్య తప్పకుండా వచ్చే మాట కళ్ళ గురించే. ఒకరికి మంట, ఒకరికి సాయంత్రానికి మసక, ఇంకొకరికి కనుబొమ్మల మీద బరువుగా తలనొప్పి. ఉద్యోగం చేసేవాళ్ళకైతే ఆఫీసులో పెద్ద మానిటరు, సరైన కుర్చీ, మధ్యలో విరామం, కళ్ళద్దాలకు ఇన్సూరెన్సు ఎంతో కొంత ఉంటాయి. ఇంట్లో ఉండే మనకు? "నువ్వు ఇంట్లోనే కదా ఉండేది, నీకెందుకు కళ్ళు నొప్పులు?" అన్న ప్రశ్న మాత్రం ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు ముఖ్యంగా ఇంట్లో ఉండే అక్కచెల్లెళ్ళ కోసం రాస్తున్నాను.

ఎవరి లెక్కలోనూ లేని గంటలు

గత జనవరిలో కంటి పరీక్షకి వెళ్ళాను. సాయంత్రం అయ్యేసరికి కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర, అక్షరాలు కాసేపు మసకబారడం. క్లినిక్‌లో ఒక ఫారం ఇచ్చారు. వృత్తి అన్నచోట గృహిణి అని రాశాను. దాని కిందే "పనిలో రోజుకి ఎన్ని గంటలు స్క్రీన్ చూస్తారు?" అని ఉంది. ఉద్యోగం లేనివాళ్ళు ఆ ప్రశ్న వదిలేయవచ్చట! నేను వదల్లేదు. "చాలా గంటలు, లోపల చెప్తాను" అని రాసి ఇచ్చాను. ఆప్టోమెట్రిస్టు అది చదివి నవ్వి, "ఒక వారం పాటు లెక్క రాసి చూడండి" అన్నారు.

సైన్సు చదివినదాన్ని కదా, లెక్క రాయమంటే సరదానే. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఏ పనికి ఎంతసేపు స్క్రీన్ చూశానో రాసుకుంటూ వచ్చాను. పొద్దున్నే వాతావరణం, స్కూల్ నుంచి వచ్చిన మెయిళ్ళు, బస్సు ఆలస్యమైతే ఆ కబురు. తర్వాత అమ్మతో వీడియో కాల్. చలికాలంలో మనకీ ఇండియాకీ పదిన్నర గంటల తేడా, వేసవిలో తొమ్మిదిన్నర. అందుకే అక్కడ వాళ్ళు రాత్రి భోజనాలు చేసేవేళ మనం కాఫీ కప్పుతో కూర్చుంటాం. ఆ తర్వాత సరుకుల ధరలు ఏ షాపులో తక్కువో చూడటం, కరెంటు, గ్యాస్ బిల్లులు, బ్యాంకు పనులు, అత్తగారి వీసా కాగితాలు. మళ్ళీ ఉద్యోగంలో చేరాలని తీసుకున్న ఆన్‌లైన్ కోర్సు రెండు గంటలు. సాయంత్రం పిల్లల హోంవర్కు, అమ్మాయి సంగీతం క్లాసు. గురువుగారు హైదరాబాదులో, మేమిక్కడ, మధ్యలో ఒక తెర. వంట చేస్తూ గట్టు మీద ఫోనులో రెసిపీ. అందరూ పడుకున్నాక సీరియలో, వాట్సాప్ గ్రూపులో, ఇలాంటి పత్రికలో.

వారం తిరిగేసరికి ఏడు గంటలకు తగ్గిన రోజు ఒక్కటీ లేదు. అందులో నా సరదా కోసం చూసింది రోజుకి గంటన్నర. మిగతాదంతా ఇంటి పనే. మావారు ఆ కాగితం చూసి, "నాకైతే మధ్యలో కాఫీకి లేవడం, మీటింగు రూముకి నడవడం ఉంటాయి. నీకు అదీ లేదు" అన్నారు. అది నిజం. ఇంటి పనుల మధ్య దొరికిన ప్రతి ఖాళీలోనూ మనం చేసేది ఫోను తీయడమే. కూర ఉడికేలోపు, పిల్లలు బూట్లు వేసుకునేలోపు, కారులో వాళ్ళ కోసం ఎదురుచూసేలోపు. చేతులకి దొరికే విరామం కళ్ళకి దొరకడం లేదు.

పెద్దవాళ్ళు సరదా కోసం చూసే స్క్రీన్ రోజుకి మూడు గంటలు దాటకూడదని కెనడాలో 2020లో విడుదలైన మార్గదర్శకాలు చెప్తున్నాయి. బాగానే ఉంది. కానీ అమ్మతో మాట్లాడటం సరదా కిందకి వస్తుందా, అవసరం కిందకి వస్తుందా? దూరదేశంలో ఉన్న మనకు ఫోను తగ్గించమంటే, ఒక్కోసారి అయినవాళ్ళని తగ్గించమన్నట్టే ఉంటుంది. అందుకే "స్క్రీన్ మానేయండి" అన్న సలహా మన దగ్గర నిలబడదు. చూడక తప్పనప్పుడు కన్ను అలవకుండా ఎలా చూడాలన్నదే మనకు కావలసింది.

నరసాపురం లేసు, అమ్మమ్మ కళ్ళు

ఆ కాగితం మీద గంటలు రాస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడది నరసాపురం పక్క పల్లె. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లడం అందరికీ తెలిసిందే. సన్నని దారం, కొస వంగిన చిన్న సూది, గంటల తరబడి వంచిన తల. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఆడవాళ్ళ గురించి ఒక పుస్తకమే రాశారు, 1982లో వచ్చింది. వాళ్ళు అల్లిన లేసు విదేశాలకి ఎగుమతి అవుతున్నా, లోకం వాళ్ళని పనివాళ్ళుగా లెక్కపెట్టలేదనీ, ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసే పని కిందే జమకట్టిందనీ ఆవిడ అందులో చూపించారు. ఆ మాట నలభై ఏళ్ళ తర్వాత వాటర్లూలో ఒక క్లినిక్ ఫారం దగ్గర నాకు గుర్తొస్తుందనుకోలేదు.

అయితే అమ్మమ్మ దగ్గర ఒక మంచి అలవాటు ఉండేది. వెలుతురు కోసం అరుగు మీద కూర్చునేది. వీధిలో ఎవరు వెళ్తున్నా తలెత్తి చూసి, పలకరించి, మళ్ళీ సూది అందుకునేది. మధ్యలో కొబ్బరిచెట్టు మీద కాకిని అదిలించేది. నాలుగు వరసలకోసారి ఆవిడ చూపు దూరంగా పోయి వచ్చేది. ఈరోజు కంటి డాక్టర్లు మనకు చెప్పే మొదటి సలహా కూడా ఇంచుమించు అదే. మన స్క్రీన్‌లో మాత్రం వీధి, మనుషులు, కబుర్లు అన్నీ అడుగు దూరంలోనే కనిపిస్తాయి. తలెత్తాల్సిన అవసరమే రాదు.

అసలు కంట్లో ఏం జరుగుతుంది?

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో మేక కన్ను కోసినప్పుడు లోపలి నుంచి కటకం జారి చేతిలో పడింది. బాగా ఉడికిన పెద్ద సగ్గుబియ్యం గింజలా, జారిపోతూ. మన కంట్లో కటకం చుట్టూ సిలియరీ కండరం అని ఒకటి ఉంటుంది. దూరంగా చూస్తున్నప్పుడు అది వదులుగా ఉంటుంది. దగ్గరివి చూడాలంటే బిగుసుకోవాలి, అప్పుడే కటకం ఉబ్బి దగ్గరి వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది.

ఎంత బిగుసుకోవాలో చిన్న లెక్క ఉంది. దూరాన్ని మీటర్లలో తీసుకుని ఒకటిని దానితో భాగిస్తే కంటి మీద పడే పని డయాప్టర్లలో వస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న టీవీకి మూడో వంతు డయాప్టరు. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కంప్యూటరుకి సుమారు 1.7. ముప్పై సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న ఫోనుకి 3.3. మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఇరవై సెంటీమీటర్లలో పెట్టుకుంటే ఏకంగా 5. నీళ్ళబిందె చంకన పెట్టుకుని పది అడుగులు నడవడం ఎవరికైనా ఇబ్బంది కాదు. అదే బిందెతో రెండు గంటలు కదలకుండా నిలబడమంటే? కంటి కండరం పరిస్థితి అదే. పైగా ముప్పైలు దాటి నలభైల వైపు వెళ్తున్నకొద్దీ కటకం గట్టిపడుతూ, ఉబ్బే గుణం తగ్గుతూ వస్తుంది. అందుకే ఇరవైల్లో చేసిన పనే ఇప్పుడు అలుపు తెప్పిస్తుంది.

ఇక రెండోది, నా ఉద్దేశంలో ముఖ్యమైనది, రెప్పపాటు. కంటి మీద ఎప్పుడూ పలచని కన్నీటి పొర ఉంటుంది. అందులో కంటికి అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీరు, పైన సన్నని నూనె. ఆవకాయ జాడీలో పైకి తేరిన నూనె ఊటని ఆరిపోకుండా కాపాడినట్టే, ఈ నూనె కన్నీటిని ఆవిరైపోకుండా కాపాడుతుంది. ఆ నూనెని ఊరించేవి రెప్పల అంచున వరసగా ఉండే గ్రంథులు. రెప్ప నిండుగా పడినప్పుడే అవి కాస్త నొక్కుకుని నూనె వదులుతాయి, ఆ రెప్పే దాన్ని కంటి మీద సమంగా పరుస్తుంది.

జపాన్ డాక్టర్లు ఇద్దరు 1993లో ఈ రెప్పపాట్లు లెక్కపెట్టారు. తీరిగ్గా కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటరు తెర చూస్తున్నప్పుడు 7 సార్లు. అంటే మూడో వంతుకి పడిపోయిందన్నమాట. అది చాలదన్నట్టు తెర ముందు పడే రెప్పలు చాలావరకు సగం సగం పడతాయి. అప్పుడు కంటి కింది భాగం ఆరిపోతుంది. మంట, గరగర, ఎరుపు, మసక అక్కడినుంచే మొదలు. ఒక్కోసారి కళ్ళు ఆరిపోయినందుకే నీళ్ళు కారతాయి కూడా. "నాకు నీళ్ళు కారుతుంటే పొడి కళ్ళంటారేమిటి?" అని ఆశ్చర్యపోయేవాళ్ళని చూశాను. ఎండిన కన్ను చిరాకుపడి ఒక్కసారిగా కార్చే నీళ్ళవి. వాటిలో నూనె తక్కువ, నిలవవు.

కెనడా చలికాలం చేసే సాయం

ఈ రెండింటికీ తోడు మన చలికాలం. బయట గడ్డకట్టే చలిలో గాలిలో తేమ చాలా తక్కువ. ఆ గాలినే ఫర్నేస్ వేడిచేసి ఇంట్లోకి ఊదుతుంది. పెదవులు పగిలినట్టే, చేతులు తెల్లగా పొలుసు కట్టినట్టే, కన్నీటి పొర కూడా ఆరిపోతుంది. తేమ కొలిచే చిన్న పరికరం కొద్ది డాలర్లకే దొరుకుతుంది, ఒకటి ఇంట్లో పెట్టుకుంటే మంచిది. చలికాలంలో తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫయర్ వాడితే కళ్ళకీ చర్మానికీ హాయి. కిటికీ అద్దాల మీద నీరు కారుతుంటే తేమ ఎక్కువైనట్టే, తగ్గించాలి. లేకపోతే బూజు పడుతుంది. వేడిగాలి వచ్చే వెంట్ మీకు ఎదురుగా ఉంటే కుర్చీ జరపండి. కారులో హీటరు గాలిని ముఖం మీదికి కాకుండా పాదాల వైపు తిప్పండి.

మన ఒంట్లోని కారణాలూ ఉంటాయి. పొడి కళ్ళ బాధ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. హార్మోన్ల మార్పులు, థైరాయిడ్, కాంటాక్ట్ లెన్సులు, వసంతంలో ఎలర్జీకి వేసుకునే మాత్రలు, ఇవన్నీ కన్నీటిని తగ్గించగలవు. పరీక్షకి వెళ్ళినప్పుడు వాడుతున్న మందులన్నీ చెప్పడం అందుకే అవసరం.

మా ఇంట్లో చేస్తున్నవి

ఇవేవీ ఖరీదైనవి కావు. కాగితం మీద లెక్క చూసుకున్నాక ఒక్కొక్కటిగా మొదలుపెట్టాను.

మొదటిది చూపుకి విరామం. 20-20-20 అని మీరు వినే ఉంటారు. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. గడియారం పెట్టుకుని చేయడం ఇంటి పనుల్లో కుదరదు కాబట్టి, నేను దాన్ని పనులకి ముడిపెట్టాను. కుక్కర్ కూత వేస్తే తల ఎత్తి వెనక పెరట్లో మేపుల్ చెట్టు చూడాలి. కోర్సులో ఒక వీడియో అయితే లేచి కిటికీ దాకా వెళ్ళాలి. అక్కడ నిలబడి పదిసార్లు నిండుగా రెప్పలు మూసి తెరవాలి. గట్టిగా పిండినట్టు కాకుండా మెల్లగా, రెండు రెప్పలూ తాకేలా.

రెండోది దూరం. అమ్మతో వీడియో కాల్ ఫోనులో కాకుండా టీవీకి కలిపి మాట్లాడుతున్నాను. కంటికి పని పదో వంతుకి పడిపోయింది. అమ్మ కూడా "ఇప్పుడు నువ్వు నిటారుగా కూర్చుంటున్నావే" అంది. అత్తగారితో రోజూ ముఖం చూడనక్కరలేదు, ఆవిడకి మామూలు ఫోను కాల్ చేసి ఇద్దరం చెరో కూర తరుగుతూ మాట్లాడుకుంటాం. రెసిపీని ఒకసారి చూసి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి అల్మరా తలుపుకి అంటిస్తాను. ల్యాప్‌టాప్ అయితే చేతి దూరంలో, తెర పైఅంచు కళ్ళ ఎత్తుకి కాస్త దిగువన ఉండాలి. చూపు కిందికి ఉంటే రెప్ప కంటిని ఎక్కువ కప్పుతుంది, తడి ఎక్కువసేపు నిలుస్తుంది. కిటికీ ఎదురుగానో వెనకనో కాకుండా పక్కగా ఉంటే కళ్ళకి మిరుమిట్లు ఉండవు.

మూడోది మన తెలుగు అక్షరం గురించి. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే సైజు తెలుగుకి సరిపోదు. మనకి పైన గుడులు, పక్కన కొమ్ములు, కింద ఒత్తులు. అదే జాగాలో ఇన్ని ఇరికితే "ష్ట్ర"కీ "ష్ణ"కీ తేడా వెతుక్కోవాలి. వెతుక్కుంటున్నంతసేపూ రెప్ప పడదు. ఫోను సెట్టింగుల్లో అక్షరాల సైజు రెండు మెట్లు పెంచండి. పేజీ పొడుగైతే అవుతుంది, వేలితో జరపడానికి కష్టమేముంది? తెర వెలుగు కూడా గదిలో వెలుతురుకి తగ్గట్టు ఉండాలి. లైటు ఆర్పేసి చీకట్లో చూడటం కన్నా పక్కన చిన్న దీపం వేసుకోవడం మేలు.

నాలుగోది రాత్రి కాపడం. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చని నీళ్ళలో పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచుతాను. చల్లారితే మళ్ళీ ముంచాలి. రెప్పల అంచున గడ్డకట్టిన నూనె, వెచ్చబడిన నెయ్యిలా కరిగి మళ్ళీ ఊరుతుంది. మా ఆప్టోమెట్రిస్టు చెప్పిన వాటిలో నాకు బాగా గుణం ఇచ్చింది ఇదే.

డబ్బు దండగ, ప్రమాదం

కళ్ళద్దాల షాపులో బ్లూ లైట్ పూత వేయించుకోమని ఒత్తిడి చేయడం మీ అందరికీ అనుభవమే. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలని కలిపి పరిశీలించింది. మామూలు అద్దాలతో పోలిస్తే, కంప్యూటరు వల్ల వచ్చే కంటి అలసటని ఈ అద్దాలు తక్కువ కాలంలో తగ్గిస్తాయనడానికి ఆధారం కనపడలేదు. అలసట రంగు వల్ల రావడం లేదు. రెప్ప వేయకపోవడం, దగ్గరగా చూడటం, ఆపకుండా చూడటం వల్ల వస్తోంది. ఆ డబ్బుతో మంచి హ్యూమిడిఫయర్ కొనుక్కోవచ్చు.

ఎరుపు పోగొట్టే చుక్కలు రోజూ వేసుకోవడం మంచిది కాదు. వాటి ప్రభావం దిగాక ఎరుపు ఇంకా ఎక్కువై తిరిగి వస్తుంది. కావలసింది కృత్రిమ కన్నీళ్ళు అన్న రకం. రోజుకి నాలుగుసార్లకు మించి వేసుకోవలసి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి.

ఇక మన వంటింటి వైద్యం. చిన్నప్పుడు కళ్ళు మండితే నందివర్ధనం పూలు పెట్టేవారు. మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ కంటి లోపలికి తేనె, ఆముదం, పన్నీరు, ఏ ఆకు పసరూ వెయ్యవద్దు. ఇన్ఫెక్షను వస్తే చూపుకే ముప్పు. పొన్నగంటి కూర, మునగాకు, క్యారెట్ తినండి, పిల్లలకీ పెట్టండి. వాటినుంచి వచ్చే ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది. కానీ సరిగ్గా తింటున్నవాళ్ళకి స్క్రీన్ అలసట ఆకుకూరతో పోదు. అలాగే కాటుక. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుందని హెల్త్ కెనడా హెచ్చరించింది. ఇండియా నుంచి ప్రేమగా పంపిన డబ్బా అయినా పసిపిల్లల కళ్ళకి వద్దు.

పిల్లల సంగతి వేరు

పెద్దవాళ్ళకి స్క్రీన్ వల్ల వచ్చేది ఎక్కువగా అలసట. విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. పిల్లల కన్ను ఇంకా పెరుగుతోంది కాబట్టి వాళ్ళ లెక్క వేరు. ఎప్పుడూ దగ్గరివే చూస్తూ, ఎండ తగలకుండా పెరిగితే కనుగుడ్డు పొడుగు సాగుతుంది. అదే సైటు, మైనస్ పవరు. సాగిన కన్ను మళ్ళీ కురచ కాదు.

మా ఊరి వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళు ఈ ప్రాంతపు బడి పిల్లల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్లో సైటు 6 శాతం మందికి ఉంటే, పదకొండు నుంచి పదమూడేళ్ళ వాళ్ళలో దాదాపు 29 శాతం మందికి ఉంది. సైటు ఉన్నవాళ్ళలో మూడో వంతుకి అద్దాలే లేవు. ఊరట కలిగించే మాట కూడా అందులోనే ఉంది. వారానికి ఒక్క గంట అదనంగా బయట గడిపిన పిల్లల్లో సైటు ఉండే అవకాశం సుమారు 14 శాతం తక్కువ. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడుపుతున్నారు. ఏటేటా పెరుగుతూ పోతున్న సైటు అక్కడ తగ్గుముఖం పట్టింది.

బయట వెలుతురులో ఏముంది? బాగా దీపాలు వేసిన ఇంట్లో వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది. అందుకే "చలి, మబ్బు, ఇవాళ వద్దులే" అనుకునే రోజున కూడా పిల్లల్ని స్నోసూట్ వేసి బయటికి తోలడం మంచిదే. డిసెంబరులో మాకు పగలు తొమ్మిది గంటలే, అందులో ఎక్కువ భాగం బడిలోనే పోతుంది. శని, ఆదివారాల మధ్యాహ్నాలు మంచులో ఆటలకే వదిలేస్తాం. అయితే కొత్తగా పడిన మంచు అల్ట్రావయొలెట్ కిరణాలని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. ఎండ కాసే మంచురోజున చలువ అద్దాలు పెట్టండి. ఈ నేలవాళ్ళు, ఇన్యూట్ ప్రజలు, ఎముకతోనూ చెక్కతోనూ సన్నని చీలిక ఉన్న అద్దాలు ఎప్పుడో చేసుకున్నారు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి సరదా స్క్రీన్ రోజుకి రెండు గంటలకి మించకూడదని ఇక్కడి మార్గదర్శకం. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి గంటలోపు. రెండేళ్ళలోపు వాళ్ళకి అసలు వద్దు. తెలుగు క్లాసు, సంగీతం క్లాసు ఆన్‌లైన్లో తప్పవు. వాటిని పెద్ద తెర మీద, దూరంగా పెట్టి, అయిపోగానే కాసేపు బయటికి పంపండి.

మధ్యలో మిగిలిపోయేది మనమే

అంటారియోలో పందొమ్మిదేళ్ళ వరకు పిల్లలకి ఏడాదికోసారి పూర్తి కంటి పరీక్ష ఓహిప్ కింద ఉచితం. జూనియర్ కిండర్‌గార్టెన్ పిల్లలకి ఆప్టోమెట్రిస్టుల సంఘం నడిపే కార్యక్రమంలో, అవసరమైతే కళ్ళద్దాలూ ఉచితమే. అరవై ఐదు దాటిన వాళ్ళకి పద్దెనిమిది నెలలకోసారి పరీక్ష ఉంటుంది. ఇరవై నుంచి అరవై నాలుగు మధ్యవాళ్ళకి, కొన్ని జబ్బులు ఉంటే తప్ప, 2004 నుంచి లేదు. పరీక్షకి వంద డాలర్లు దాటుతుంది. ఫలితం ఏమిటంటే, పిల్లల పరీక్షకి తీసుకెళ్ళేది మనం, మావయ్యగారిని తీసుకెళ్ళేది మనం, అక్కడి కుర్చీలో కూర్చుని ఫోను చూస్తూ ఎదురుచూసేదీ మనమే.

కాబట్టి రెండు విషయాలు కనుక్కోండి. మీవారి ఆఫీసు ఇన్సూరెన్సులో మీ కంటి పరీక్ష కూడా ఉందేమో చూడండి. చాలా ప్లాన్లలో రెండేళ్ళకోసారి భార్యకీ వస్తుంది, వాడుకోకపోతే ఆ సొమ్ము పోయినట్టే. ఇక మీకు షుగర్ ఉంటే ఇరవై, అరవై నాలుగు మధ్యలో ఉన్నా ఓహిప్ ఏడాదికోసారి పరీక్ష ఇస్తుంది. మన వాళ్ళలో షుగర్ ఎంతమందికి ఉందో వేరే చెప్పాలా? ఫ్యామిలీ డాక్టరు చీటీ లేకుండానే నేరుగా ఆప్టోమెట్రిస్టు దగ్గరికి వెళ్ళవచ్చు. వేరే ప్రావిన్సుల్లో వయసులు, నియమాలు కొంచెం మారతాయి, మీ ప్రావిన్సువి చూసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి ఓహిప్ ఉండదు. బయలుదేరే ముందే అక్కడ కళ్ళు చూపించుకుని రమ్మనండి.

ఒక్క హెచ్చరిక. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు, నల్లటి చుక్కల వాన, చూపుకి అడ్డంగా తెర దిగినట్టు ఉండటం, తీవ్రమైన నొప్పి, ఒకటి రెండుగా కనపడటం, చూపు పోవడం స్క్రీన్ అలసట లక్షణాలు కావు. పిల్లలు బడి నుంచి వచ్చాక చూద్దాం, మావారు వచ్చాక చూద్దాం అనుకోకుండా ఆ రోజే వెళ్ళండి.

పరీక్షకి వెళ్ళే ముందు ఒక వారం మీరు కూడా ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. గంటలు రాయండి. ఫారంలో ఆ గడి వదిలేయమన్నా వదలకండి, గృహిణి అని రాసి పక్కన అంకె వేయండి. ఆ అంకె చూస్తేనే డాక్టరు సరైన సలహా ఇస్తారు. ఇంట్లోవాళ్ళకీ తెలుస్తుంది.

ఇంతసేపు చదివారు కదా, ఇక ఫోను బోర్లా పెట్టండి. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎదురింటి కప్పు మీద మంచో, చెట్టు మీద ఉడతో, ఏదో ఒకటి దూరంగా చూడండి. రెప్పలు నిండుగా వాల్చండి. పొయ్యి మీద ఏముందో ఒక్క నిమిషం తర్వాత చూసుకోవచ్చు.